పొగమంచులో పొలంలో దిగడం: ముందుజాగ్రత్త ఎక్కడ ప్రమాదంగా మారుతుంది

ఏదో ఊరి పొలాల్లో హెలికాప్టర్ దిగిందంటే చాలు, అరగంటలో వీడియో అందరి ఫోన్లలోకి వచ్చేస్తుంది. చుట్టూ జనం, మధ్యలో రెక్కలు ఆగిన యంత్రం, కింద ఎర్ర అక్షరాలతో ‘అత్యవసర ల్యాండింగ్’. కాసేపటికి అదే ‘తప్పిన పెను ప్రమాదం’ అవుతుంది. చిన్న శిక్షణ విమానం పొలంలో బోర్లా పడి, లోపలివాళ్లు నడుచుకుంటూ బయటికొచ్చినా ‘కుప్పకూలింది’ అనే రాస్తారు. ఈ మాటలన్నీ ఒకదాని బదులు ఒకటి వాడేయడం వల్ల అసలు విషయం మరుగున పడుతోంది. పైలట్ తనంతట తాను పొలం ఎంచుకుని దిగడం వేరు, దిగక తప్పక దిగడం వేరు, అదుపు తప్పి పడిపోవడం వేరు.

తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చెరువులో పడింది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ముసురు పట్టిన నల్లమలలో కూలింది. 2019 అక్టోబర్‌లో వికారాబాద్ జిల్లాలో ఒక శిక్షణ విమానం పొలాల్లో కూలి ఇద్దరు యువ పైలట్లు చనిపోయారు. ఇప్పుడు వరంగల్‌లో మామునూరు విమానాశ్రయం మళ్లీ తెరుస్తారన్న మాట ఇంటింటా వినిపిస్తోంది. మేడారం జాతరకు హనుమకొండ నుంచి హెలికాప్టర్లు తిరిగిన రోజులూ చూశాం. చిన్న విమానాలు, హెలికాప్టర్లు మన మీదుగా ఎక్కువగా ఎగిరే కాలం వస్తోంది కాబట్టి, మసక వాతావరణంలో అవి ఎందుకు దిగుతాయో, దిగినప్పుడు ఏం జరుగుతుందో మొదటి నుంచి చూద్దాం.

దిగడాల్లో తేడా ఏమిటి

ఇంజిన్ ఆగిపోయింది, లేదా ఇంధనం అయిపోయింది. విమానం ఇక ఎగరలేదు. కింద ఏముంటే దాని మీద దిగాల్సిందే. దీన్ని ఫోర్స్‌డ్ ల్యాండింగ్ అంటారు, అంటే బలవంతపు దిగుడు. రేడియోలో ‘మేడే, మేడే’ అనే పిలుపు ఇలాంటి ప్రాణాపాయానికే.

రెండోది ప్రికాషనరీ ల్యాండింగ్, ముందుజాగ్రత్త దిగుడు. ఇక్కడ ఇంజిన్ నడుస్తోంది, ఇంధనం ఉంది, విమానం ఇంకా ఎగరగలదు. కానీ ముందుకు వెళ్లడం మంచిది కాదని పైలట్‌కు అనిపించింది. మబ్బు కిందికి దిగుతోంది, దారి తప్పింది, పొద్దు గూకుతోంది, లేదా ఇంజిన్ శబ్దంలో ఏదో తేడా వస్తోంది. అప్పుడు చెప్పే మాట ‘పాన్-పాన్’. ఇబ్బందిలో ఉన్నాం, ఇంకా చేయి దాటలేదు అని దానర్థం.

హైదరాబాద్ నుంచి కారులో వస్తూ జనగామ దాటాక మంచు కమ్ముకుందనుకోండి. బండి పక్కకు తీసి టీ కొట్టు దగ్గర ఆగడం రెండో రకం. బ్రేకులు పోయి ఇసుక కుప్పలోకి ఎక్కించడం మొదటి రకం. బయటివాళ్లకు రెండింట్లోనూ కనిపించేది రోడ్డు పక్కన ఆగిన కారే. లోపల కూర్చున్నవాడి చేతిలో మిగిలిన సమయం మాత్రం వేరు.

ఆ సమయమే ఇందులో అసలు సొత్తు. ఇంజిన్ నడుస్తున్న పైలట్ నచ్చిన పొలం మీదుగా ఒకసారి తక్కువ ఎత్తులో వెళ్లి తీగలున్నాయా, గుంతలున్నాయా చూసుకోగలడు. బాగాలేకపోతే పైకి లేచి ఇంకోటి వెతకగలడు. ఇంజిన్ ఆగినవాడికి ఆ వీలు లేదు. ఫ్లయింగ్ స్కూళ్లలో ఎక్కువగా కనిపించే సెస్నా 172 అనే చిన్న విమానం ఇంజిన్ ఆగితే ఒక మీటరు కిందికి జారేలోపు దాదాపు తొమ్మిది మీటర్లు ముందుకు పోతుంది. మబ్బు కింద నక్కి 500 అడుగుల ఎత్తున ఎగురుతున్నప్పుడు ఇంజిన్ ఆగితే అతనికి దక్కేది సుమారు 1,370 మీటర్ల దూరం, దాదాపు 40 సెకన్లు.

పైనుంచి కనిపించిన పొలం దిగేటప్పుడు ఎందుకు మాయమవుతుంది

డిసెంబర్‌లో పొద్దున్నే మడికొండ మెట్టుగుట్ట ఎక్కి చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కింద పొలాల మీద మంచు తెల్లగా పరుచుకుని ఉంటుంది. తాటిచెట్ల తలలు మాత్రం పైకి కనిపిస్తాయి, మొదళ్లు కనపడవు. గుట్ట దిగి ఆ మంచులోకి నడిస్తే మాత్రం లోకం మారిపోతుంది. తలెత్తితే నెత్తిన నీలాకాశం లీలగా కనిపిస్తుంది. ఎదురుగా వచ్చే ట్రాక్టర్ మాత్రం శబ్దం వినపడ్డాక కాసేపటికి గానీ కనపడదు.

పైలట్‌ను మోసం చేసేది ఇదే. మంచు పొర 50 మీటర్ల మందం ఉందనుకుందాం. లోపల చూపు 300 మీటర్ల వరకు ఆనుతుందనుకుందాం. పైన ఎగురుతూ నిట్టనిలువుగా కిందికి చూస్తే, చూపు దాటాల్సింది 50 మీటర్ల మంచే. పొలం, గెట్లు, బోరు మోటారు దగ్గరి రేకుల షెడ్డు అన్నీ కనిపిస్తాయి. ‘చోటు దొరికింది’ అనిపిస్తుంది. కానీ విమానం నిలువుగా దిగదు, ఏటవాలుగా దిగుతుంది. సాధారణంగా వాడే మూడు డిగ్రీల వాలులో చూపు అదే 50 మీటర్ల పొరను అడ్డంగా చీల్చుకుపోవాలి. ఆ దూరం దాదాపు 950 మీటర్లు. చూపు ఆనేది 300 మీటర్లే.

గంటకు 120 కిలోమీటర్ల వేగంతో దిగుతున్న విమానం సెకనుకు 33 మీటర్లు పోతుంది. తాను దిగాలనుకున్న చోటు పైలట్‌కు మళ్లీ కనిపించేది 300 మీటర్ల దూరంలో. అప్పటికి ఎత్తు 16 మీటర్లు, మిగిలిన సమయం తొమ్మిది సెకన్లు. ఎదిగిన తాటిచెట్టు అంతకన్నా ఎత్తుంటుంది.

పొలాల్లో దిగబోయి జరిగే ప్రమాదాల్లో చాలావాటిని ఈ లెక్కతో అర్థం చేసుకోవచ్చని నా అభిప్రాయం. పైలట్‌కు కళ్లు సరిగా లేవనో, ధైర్యం లేదనో అనుకుంటాం. అతను పైనుంచి చూసింది నిజమే. దిగే దారిలో ఆ నిజం నిలబడలేదు.

మన దగ్గర ఇది యాసంగి మొదట్లో మరీ ఎక్కువ. వానాకాలం పంట కోశాక కాలువ నీళ్లు, బోరు నీళ్లు పెట్టి మడులు దమ్ము చేస్తారు. డిసెంబర్, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్న రాత్రుల్లో నేల వేడిని వదిలేసి త్వరగా చల్లబడుతుంది. తడి పొలాల మీద, చెరువుల మీద ఉన్న గాలిలో తేమ చిక్కబడి మంచవుతుంది. ఎండ ఎక్కాక విడిపోతుంది. కానీ విడిపోయే ముందు తరచూ నేల నుంచి కొద్దిగా పైకి లేచి పల్చటి మబ్బులా నిలబడుతుంది. కింద నిలబడ్డవాడు ‘మంచు పోయింది’ అని ఫోన్లో చెబుతాడు. 300 అడుగుల ఎత్తున వచ్చే పైలట్‌కు అదే మంచు ఇప్పుడు కళ్ల ముందు గోడలా ఉంటుంది.

కళ్లు మూసుకుపోతే చెవి చెప్పే అబద్ధం

మసకలో ఇంకొంచెం ముందుకు పోయి చూద్దాం అనుకుంటే ఏమవుతుంది? మన లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధచంద్రాకార గొట్టాలుంటాయి. తల ఎటు తిరిగిందో మెదడుకు చెప్పేవి అవే. విమానం మెల్లగా ఒక పక్కకు ఒరిగి, అలాగే తిరుగుతూ ఉంటే కొన్ని సెకన్లకు ఆ ద్రవం కూడా దాంతోపాటే కదిలి, కదలిక లేదన్న కబురు పంపుతుంది. పైలట్‌కు తాను నిటారుగా ఉన్నట్టే అనిపిస్తుంది. బయట దిగంత రేఖ కనిపిస్తే కన్ను ఈ తప్పును సరిచేస్తుంది. కనిపించకపోతే సరిచేసేవాళ్లు లేరు.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక పరీక్ష చేశారు. పరికరాలు చూసి ఎగరడంలో శిక్షణ లేని 20 మందిని మబ్బులోకి వెళ్లినట్టుండే పరిస్థితిలో పెట్టారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు, మూడు నిమిషాలు కూడా కాదు.

శిక్షణ ఉన్నవాళ్లకూ ఇది తప్పదు. 2020 జనవరిలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ ప్రయాణించిన హెలికాప్టర్‌లో యంత్ర లోపం ఏమీ లేదు. పైలట్ అనుభవజ్ఞుడు. మబ్బులో చిక్కుకున్నాక పైకి ఎక్కుతున్నానని, నేల మీద నుంచి రేడియోలో విమానాలకు దారి చెప్పే కంట్రోలర్‌కు చెప్పాడు. నిజానికి అప్పుడు హెలికాప్టర్ ఎడమకు తిరుగుతూ కొండ వైపు దిగిపోతోంది. తొమ్మిది మందీ చనిపోయారు. దారిలో ఎక్కడో ఒక మైదానంలో దిగి ఉంటే ఆ రోజు వార్త ‘ఆలస్యంగా చేరిన కోబీ’ అన్నదే అయ్యేది.

తిరుగు మలుపు లెక్క

‘మంచు కనిపించగానే వెనక్కి తిరిగితే సరి కదా’ అని అనిపించవచ్చు. తిరగవచ్చు, చోటు ఉన్నప్పుడు. గంటకు 185 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న విమానం 30 డిగ్రీలు ఒరిగి వెనక్కి తిరిగితే ఆ అరచుట్టు వెడల్పు దాదాపు 930 మీటర్లు. చూపు ఐదు కిలోమీటర్లు ఉన్నప్పుడు అది పెద్ద లెక్క కాదు. చూపు ఒక కిలోమీటరుకు పడిపోయాక, తిరగడానికి కావాల్సిన చోటు కనిపించే చోటంతా తినేస్తుంది. వేగం 130 కిలోమీటర్లకు తగ్గించుకుంటే అరచుట్టు 460 మీటర్లకు, అంటే సగానికి తగ్గుతుంది.

కంటిచూపు మీద ఆధారపడి ఎగరడానికి మన దేశంలో ఐదు కిలోమీటర్ల చూపు ఉండాలన్న నిబంధనకు కారణం ఈ లెక్కలే. మబ్బుకు నిలువున 1,000 అడుగులు, అడ్డంగా 1,500 మీటర్లు ఎడం ఉండాలి. కాగితం మీద కఠినంగా కనిపించే ఈ అంకెలు పైలట్‌కు మిగిల్చేది ఆలోచించుకునే వ్యవధి.

మన పొలంలో నిజంగా చోటు ఉందా

ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. చదరంగా ఉంటే ఒక్కో పక్క 64 మీటర్లు. సెస్నా 172 ఒక 50 అడుగుల అడ్డంకి దాటి దిగి ఆగడానికి మంచి రన్‌వే మీద దాదాపు 400 మీటర్లు కావాలి. అంటే ఆరు ఎకరాల మడులు ఒకే వరసలో ఉండాలి. మన దగ్గర ఒక్కో ఎకరంలోనే మూడు నాలుగు మడులుంటాయి. ప్రతి మడికీ ఒడ్డు ఉంటుంది.

నీళ్లు పెట్టిన వరి మడిలో దిగితే ముందు చక్రం బురదలో దిగబడుతుంది. విమానం ముక్కు మీద లేచి బోర్లా పడుతుంది. ఫోటోలో అది చాలా ఘోరంగా కనిపిస్తుంది. భుజాల మీదుగా బెల్టు కట్టుకున్నవాళ్లు తలకిందులుగా వేలాడి, బయటపడే అవకాశం మాత్రం చాలానే ఉంటుంది. చెలక నయం. గట్టి ఎర్రనేల, ఒడ్లు తక్కువ. కానీ జనవరిలో చెలకలో పత్తికట్టె నిలబడి ఉండొచ్చు, మొక్కజొన్న ఉండొచ్చు. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి వానకు తడిస్తే ఎడ్లబండే కదలదు.

వీటన్నింటికన్నా నాకు భయం వేసేది కరెంటు తీగలంటే. బోరు మోటార్ల కోసం 11 కేవీ లైన్లు ప్రతి గ్రామంలో పొలాల మీదుగా అడ్డదిడ్డంగా పోతాయి. ఎండలోనే పైనుంచి తీగ కనపడదు. కనిపించేది స్తంభం. పైలట్లు స్తంభాల వరసను చూసి తీగను ఊహించుకుంటారు. మంచులో ఒక స్తంభం కనిపించి, రెండోది కనపడకపోతే ఆ ఊహకు ఆధారం పోతుంది. 2023 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని రేవా దగ్గర మంచు కమ్మిన రాత్రి ఒక శిక్షణ విమానం గుడి శిఖరాన్ని తాకి కూలింది. అంత పెద్ద కట్టడమే మసకలో గండమైనప్పుడు వేలు మందం తీగ సంగతి చెప్పేదేముంది.

అయినా ఇక్కడ ఒక ఊరట ఉంది. దెబ్బ తీవ్రత వేగం మీద ఆధారపడుతుంది, అదీ వర్గంలో. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. గంటకు 157 కిలోమీటర్లతో నేలను తాకడం, 111తో తాకడం కన్నా రెండింతలు ప్రమాదం. విమాన శిక్షణ పుస్తకాల్లో ఇంకో లెక్క చెబుతారు. మనిషి బెల్టుతో తట్టుకోగల ఒక స్థాయి కుదుపులో 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగడానికి మూడు మీటర్ల లోపు చాలు. 160 నుంచి ఆగడానికి పదకొండు మీటర్లకు పైగా కావాలి. కాబట్టి రెక్కలు పొదల్లో విరిగినా, చక్రాలు ఒడ్డుకు తగిలి ఊడిపోయినా, ఆ విరగడమే కొంత వేగాన్ని మింగి లోపలి మనుషులను కాపాడుతుంది. అదుపులో ఉంటూ, వీలైనంత నెమ్మదిగా, ఒక పక్కకు ఒరగకుండా నేలను చేరడమే ఇందులో ముఖ్యం. విమానం దక్కాలన్న ఆశతో చివరి క్షణంలో ముక్కు పైకెత్తి, వేగం చచ్చి, ఒక రెక్క మీద కూలేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

హెలికాప్టర్ సంగతి వేరు

హెలికాప్టర్‌కు 400 మీటర్లు అక్కర్లేదు. బడి మైదానం చాలు. నెమ్మదించగలదు, గాల్లో నిలబడగలదు. అందుకే అంతర్జాతీయ హెలికాప్టర్ల సంఘం ‘ల్యాండ్ అండ్ లివ్’, అంటే దిగు, బతుకు అనే ప్రచారం నడిపింది. కానీ అది దిగే చోట ఎండిన చెలక ఉంటే రెక్కల గాలికి దుమ్ము లేచి, మంచు లేని చోట కూడా మంచు లాంటిది తానే తయారుచేసుకుంటుంది. మాఘమాసంలో, పొద్దున మంచు, మధ్యాహ్నం దుమ్ము ఉండే మేడారం లాంటి చోట్ల రెండూ లెక్కలోకి వస్తాయి.

2025 జూన్‌లో కేదార్‌నాథ్ దారిలో ఎనిమిది రోజుల తేడాతో జరిగిన రెండు ఘటనలు పక్కపక్కన పెట్టి చూడాలి. 7న ఒక హెలికాప్టర్ ఎగిరిన కొద్దిసేపటికే సాంకేతిక లోపంతో కింద రోడ్డు మీద దిగింది. తోక విరిగి ఒక కారు మీద పడింది. పైలట్‌కు గాయాలయ్యాయి, ఐదుగురు యాత్రికులూ క్షేమం. 15న తెల్లవారుజామున మబ్బు కమ్మిన లోయలో ఇంకో హెలికాప్టర్ కూలి, పసిబిడ్డతో సహా ఏడుగురు చనిపోయారు. రెండింటి కారణాలు వేరు. మొదటిది చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉన్నా ఆ ఐదుగురూ ఇంటికి వెళ్లారు.

దిగాలని తెలిసినా ఎందుకు దిగరు

గమ్యం దగ్గరపడే కొద్దీ వెనక్కి తిరగడం కష్టమవుతుంది. మంచు ఒక్కసారిగా గోడలా రాదు, కొంచెం కొంచెంగా చిక్కబడుతుంది. ప్రతి నిమిషం ‘ఇప్పటిదాకా బాగానే వచ్చాం కదా’ అనిపిస్తుంది. కోబీ బ్రయంట్ ప్రమాదాన్ని దర్యాప్తు చేసిన అమెరికా సంస్థ, అనుకున్న పథకాన్నే పట్టుకుని వేలాడే ఈ స్వభావాన్నీ, పైలట్ తన మీద తానే పెట్టుకున్న ఒత్తిడినీ కారణాల్లో పేర్కొంది.

మన దగ్గర దీనికి ఇంకొన్ని తోడవుతాయి. వెనక సీట్లో పెద్దమనిషి ఉంటాడు, సభకు టైమవుతుంటుంది. పొలంలో దిగితే వేలమంది పోగవుతారన్న టెన్షన్, కంపెనీకి ఏం చెప్పాలన్న భయం, లైసెన్సు మీద మచ్చ పడుతుందన్న బెంగ. పేపర్లో ‘కుప్పకూలింది’ అని పడుతుందన్న సిగ్గు కూడా తక్కువది కాదు. ఇవన్నీ కలిసి నిర్ణయాన్ని ఐదు నిమిషాలు వెనక్కి నెడతాయి. ఐదు నిమిషాల ముందు దిగి ఉంటే ముందుజాగ్రత్త. ఐదు నిమిషాల తర్వాత అదే పొలం, అదే పైలట్, కానీ చూపు లేదు, మళ్లీ చుట్టు తిరిగి చూసుకునే వీలు లేదు. పేరుకు ముందుజాగ్రత్తే, జరిగేది బలవంతపు దిగుడు.

రెండు వైపులా వాదనలు

త్వరగా దిగేయాలనేవాళ్ల మాట సూటిగా ఉంటుంది. యంత్రం విరిగితే కొనుక్కోవచ్చు, బీమా ఉంటుంది, మనిషి పోతే రాడు.

ఎదుటి వాదనలో కూడా బలం ఉంది. పరికరాలతో ఎగరగల విమానం, శిక్షణ ఉన్న పైలట్ ఉంటే సురక్షితమైన ఎత్తుకు ఎక్కి, కంట్రోలర్ సాయంతో మంచు లేని విమానాశ్రయానికి వెళ్లడమే మేలంటారు వీళ్లు. తెలియని పొలంలో తీగలు, గుంతలు, పరుగెత్తుకొచ్చే జనం ఉంటారు. ఫ్లయింగ్ స్కూల్ గురువులు ఇంకో మాట చెబుతారు: ఒంటరిగా ఎగిరే విద్యార్థికి పొలాన్ని ముందే ఒక దారిగా అలవాటు చేస్తే, వెనక్కి తిరగాల్సిన చోట తిరగకుండా దాన్ని నమ్ముకుంటాడు.

నాకు రెండో వాదన నేల పూర్తిగా మూసుకుపోయినప్పుడు సరైనదనిపిస్తుంది. కిందంతా తెల్లటి దుప్పటి ఉంటే అందులోకి దిగడం ముందుజాగ్రత్త కాదు, జూదం. మొదటి వాదన నేల ఇంకా కనిపిస్తూ, ముందున్న దారి మూసుకుపోతున్నప్పుడు సరైనది. చిన్న హెలికాప్టర్లకు, మబ్బులో ఎగిరే పరికరాలు లేని విమానాలకు మరీ. తక్కువ ఎత్తులో ఎగురుతున్నప్పుడు గుట్టలు, అడవి అడ్డొచ్చి రేడియో కూడా అందకపోవచ్చు, అప్పుడు కంట్రోలర్ సాయం మాటే రాదు.

మామునూరు తెరిస్తే ఏం మారుతుంది

నిజాం కాలంలో 1930ల్లో కట్టిన మామునూరు నుంచి 1981 వరకు విమానాలు నడిచాయి. రామగుండం దగ్గరి బసంత్‌నగర్‌లోనూ, ఆదిలాబాద్‌లోనూ పాత ఎయిర్‌స్ట్రిప్‌లున్నాయి. మసకలో చిక్కుకున్న చిన్న విమానానికి తీగలు లేని, గట్టి నేల ఉన్న కిలోమీటరున్నర చోటు దగ్గర్లో ఉండడం పెద్ద ఆసరా. పొలం మీద ఆధారపడాల్సిన అవసరం కొంత తగ్గుతుంది.

రన్‌వే మంచును ఆపలేదు. మామునూరు చుట్టూ కూడా చెరువులే, వరి మడులే. అంతకన్నా ఎక్కువ ఉపయోగపడేది అక్కడ పెట్టే వాతావరణ కొలతలు. పనిచేసే విమానాశ్రయాల్లో చూపు ఎంత దూరం ఉంది, మబ్బు ఎంత ఎత్తున ఉంది అన్నది కొలిచి అరగంటకోసారి చెబుతారు. వరంగల్ నుంచి ఆ కబురు క్రమం తప్పకుండా అందితే, హైదరాబాద్‌లో తెల్లవారుజామున హెలికాప్టర్ పక్కన నిలబడ్డ పైలట్, వెనక సీటు పెద్దమనిషికి తన ఫోన్లో ఆ అంకె చూపించి, ‘సార్, తొమ్మిదింటికి బయల్దేరుదాం’ అనగలడు.